కొత్త టైరు, పాత వణుకు

కొత్త టైర్లు వేయించుకుని షాపులోంచి బయటికి వస్తాం. ఊళ్ళో తిరిగినంతసేపూ బండి బాగానే ఉంటుంది. హైవే ఎక్కి 55 మైళ్ళ వేగం దాటేసరికి స్టీరింగు చేతిలో వణకడం మొదలవుతుంది. 70 దాటితే కాస్త తగ్గుతుంది, 60కి దిగితే మళ్ళీ అదే. వెనక్కి వెళ్ళి అడిగితే కౌంటరు దగ్గరి మనిషి చెప్పే మాట ఒకటే: "కొత్తవి కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటాయి." పికప్ నడిపేవాళ్ళు, డెలివరీ వ్యాన్లు తోలేవాళ్ళు, పెద్ద లారీ మీద రాష్ట్రాలు దాటేవాళ్ళు, మనలో ఈ మాట విననివాళ్ళు తక్కువ.

ఈ మాటకి ఈ దేశంలో దాదాపు నూరేళ్ళ చరిత్ర ఉంది. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు కాదు. రెండుసార్లు మాత్రం టైరులో లోపం ఉందని బండి నడిపేవాళ్ళు మొత్తుకుంటుంటే తప్పు వాళ్ళదేనని కంపెనీ చెప్పింది, ఆలోగా ప్రాణాలు పోయాయి. అందుకని ఈ వారం ఆ కథ మొదటినుంచీ చెప్పుకుందాం.

1920ల మొదట్లో అమెరికా కార్ల టైర్లు సన్నగా, గట్టిగా ఉండేవి. వాటిలో గాలి బాగా బిగించి కొట్టేవారు. గుంత వస్తే నడుం విరిగేది. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ వెడల్పాటి 'బెలూన్' టైరు తెచ్చింది. దాంట్లో గాలి ఒత్తిడి పాతదాంట్లో సగమే. ప్రయాణం మెత్తగా అయింది, జనం ఎగబడి కొన్నారు. దాంతో పాటే కొత్త జబ్బు వచ్చింది. ఒక వేగం దగ్గర ముందు చక్రాలు రెండూ ఎడమకీ కుడికీ కొట్టుకోవడం, స్టీరింగు చేతుల్లోంచి జారిపోయేంతగా ఊగడం. ఆ రోజుల్లో భుజాలు అదిలిస్తూ ఆడే 'షిమ్మీ' అనే డాన్సు ఒకటి ఊపులో ఉండేది. జనం ఈ జబ్బుకి ఆ పేరే పెట్టారు. ఈనాటికీ మెకానిక్కులు షిమ్మీ అనే అంటారు.

కారణం తెలియాలంటే సైకిలు చక్రం ఒకటి ఊడదీసి, ఇరుసు రెండు చేతులతో పట్టుకుని, ఎవరిచేతైనా గట్టిగా తిప్పించి, పక్కకి వంచి చూడండి. మీరు వంచిన దిక్కుకి కాకుండా అది ఇంకో దిక్కుకి తిరగాలని చూస్తుంది. బొంగరం గుణమే చక్రానికీ ఉంది. అప్పటి కార్లకి ముందు రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే ఇనప ఇరుసు ఉండేది. ఎడమ చక్రం రాయెక్కితే ఇరుసు మొత్తం వంగుతుంది, వంగితే చక్రాలు తిరుగుతాయి, తిరిగితే మెత్తటి టైరు స్ప్రింగులా వెనక్కి తంతుంది. అలా ఊపు ఊపుని పెంచుకుంటూ పోతుంది. గట్టి టైర్ల కాలంలోనూ ఈ గుణం ఉంది. బయటపడే అవకాశం రాలేదు, అంతే. కొత్త టైరు జబ్బుని పుట్టించలేదు, దాక్కున్నదాన్ని బయటికి లాగింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

జనరల్ మోటార్స్‌లో దీనిమీద గట్టిగా కూర్చున్నవాడు మారిస్ ఆలీ. బ్రిటన్ నుంచి వలస వచ్చిన ఇంజినీరు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రోల్స్ రాయిస్ అమెరికా ఫ్యాక్టరీలో పనిచేసి, 1930లో జనరల్ మోటార్స్‌కి మారాడు. ఒకే ఇరుసు ఉన్నంతకాలం ఈ రోగం పోదని తేల్చి, ముందు చక్రాలు దేనికది విడిగా పైకీ కిందకీ కదిలే పద్ధతికి పట్టుబట్టాడు. అలాంటి కార్లు 1934 మోడళ్ళలో వచ్చాయి. ఫోర్డ్ కంపెనీ మాత్రం 1949 మోడల్ దాకా పాత ఇరుసునే పట్టుకు వేలాడింది.

ఇది పాత సంగతి కదా అనుకోకండి. ఇప్పటికీ పెద్ద లారీలకి ముందు ఒకే ఇరుసు ఉంటుంది. ఫోర్డ్ సూపర్ డ్యూటీ నాలుగు చక్రాల డ్రైవు బళ్ళు, రామ్ 2500 లాంటి బరువు పికప్పులదీ అదే తీరు. వీటిలో గుంతో వంతెన అతుకో తగలగానే బండి మొత్తం ఊగిపోయే దాన్ని 'డెత్ వాబుల్' అంటారు. సన్నటి వణుకుకీ దీనికీ పోలిక లేదు, వేగం బాగా తగ్గితేగానీ ఆగదు. సాధారణంగా అరిగిపోయిన ట్రాక్ బార్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగు లింకులు దీనికి మూలం. పాత టైర్లతో ఎలాగో నెట్టుకొచ్చిన బండి, బరువైన కొత్త టైర్లు వేయగానే బయటపడుతుంది. అప్పుడు టైర్లు మార్చి లాభం లేదు. స్టీరింగు డ్యాంపర్ ఒక్కటి కొత్తది వేసి "అయిపోయింది" అనేవాళ్ళున్నారు. అది దగ్గుకి చాక్లెట్టు పెట్టడం లాంటిది.

1956లో ఐజెన్‌హోవర్ సంతకంతో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం వచ్చింది. గంటల తరబడి 60, 70 మైళ్ళ వేగంతో పోవడం మామూలు మనుషులకీ అలవాటైంది. దాంతో రెండో రకం వణుకు అందరికీ తెలిసొచ్చింది, అది బరువు తేడాది. లెక్క చూడండి. 60 మైళ్ళ వేగమంటే నిమిషానికి ఒక మైలు. పెద్ద లారీ టైరు మైలుకి సుమారు 500 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి ఎనిమిదికి పైగా. పికప్ టైరు చిన్నది కాబట్టి పది దాకా తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకచోట ఒక్క ఔన్సు, అంటే 28 గ్రాముల బరువు ఎక్కువుందనుకోండి. ఆ వేగంలో అది సుమారు 5 పౌండ్ల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది, సెకనుకి పదిసార్లు, ఒక్కోసారి ఒక్కో దిక్కుకి. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు.

ఆ లెక్కన వేగం పెరిగేకొద్దీ వణుకు పెరుగుతూనే పోవాలి కదా, 70 దాటాక ఎందుకు తగ్గుతుందని అడగొచ్చు. ఉయ్యాలని దాని ఊపుకి సరిపడా నెడితేనే బాగా ఊగుతుంది. ముందు చక్రాల అమరికకీ స్టీరింగుకీ సొంత ఊపు ఒకటి ఉంది. చాలా బళ్ళలో 50కీ 70కీ మధ్య ఎక్కడో టైరు చుట్ల లెక్క దాంతో కలుస్తుంది. కలిసినచోట వణుకుతుంది, దాటితే మందగిస్తుంది. బండి 55-65 మధ్యే వణుకుతోందంటే ముందుగా బ్యాలెన్సింగునే అనుమానించాలన్న మెకానిక్కుల సూత్రం ఇక్కడినుంచే వచ్చింది.

మొదట్లో చక్రాన్ని పడుకోబెట్టి, మధ్యలో ఉన్న నీటి బుడగ ఎటు జరిగిందో చూసి సీసం ముక్కలు కొట్టేవారు. తాపీ మేస్త్రీ రసమట్టం పనే. అయితే బుడగకి పైనా కిందా తేడానే తెలుస్తుంది. చక్రం లోపలి వైపు ఒకచోట బరువు, బయటి వైపు ఇంకోచోట బరువు ఉంటే బుడగ నడిమధ్యే నిలబడుతుంది, రోడ్డెక్కితే చక్రం ఎడాపెడా ఊగుతుంది. అందుకని చక్రాన్ని తిప్పి చూసే యంత్రాలు వచ్చాయి. బండికి ఉండగానే మోటారుతో తిప్పి, వణికినప్పుడల్లా వెలిగే మెరుపు దీపం కింద టైరు మీది సుద్ద గీత ఎక్కడ ఆగినట్టు కనిపిస్తుందో చూసేవారు. చేయి తిరిగినవాడు చేస్తే అద్భుతంగా కుదిరేదట. ఆ సీసం ముక్కలు రోడ్ల మీద రాలి, నలిగి, నీళ్ళలో కలుస్తున్నాయని కాలిఫోర్నియా 2010 నుంచి వాటిని నిషేధించింది. ఇప్పుడు చాలావరకు ఇనుమో జింకో వాడుతున్నారు.

"సర్దుకుంటుంది" అన్న మాట నిజమైన కాలం నైలాన్ టైర్లది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల టైర్లకి వాడిన నైలాన్ దారం తర్వాత కార్లకీ లారీలకీ వచ్చింది. గట్టిది, వేడికీ దెబ్బకీ ఓర్చుకునేది. కానీ వేడెక్కిన టైరు రాత్రంతా ఒకేచోట నిలబడి చల్లారితే, నేలకి ఆనిన మేర చదునుగా బిగుసుకుపోయేది. పొద్దున్నే బండి తీస్తే దడదడ. కొన్ని మైళ్ళు పోయాక టైరు వేడెక్కి గుండ్రమయ్యేది, దడ ఆగేది. కొత్త కారు అమ్మేటప్పుడు కొనేవాడికి ఈ దడ వినిపించకూడదని డెట్రాయిట్ కంపెనీలు చాలాకాలం రేయాన్ టైర్లే అడిగేవి. 1960ల్లో పాలియెస్టర్ వచ్చి గొడవ తగ్గించింది. మన దగ్గర లారీలకి ఈ నైలాన్ క్రాస్‌ప్లై టైర్లే 2000 తర్వాత కూడా చాలా ఏళ్ళు రాజ్యమేలాయి. అధిక లోడుకీ గతుకుల రోడ్లకీ అవే ఆగుతాయని లారీ ఓనర్ల నమ్మకం. విజయవాడ ఆటోనగర్ నుంచి పొద్దున్నే లోడుతో బయల్దేరిన డ్రైవరుకి మొదటి కొన్ని మైళ్ళ దడ ఒక లెక్కలోది కాదు. ఆ చేతులతోనే ఇక్కడికి వచ్చిన మనవాళ్ళకి వణుకుని భరించడం అలవాటే. ఇక్కడి టైరు వేరు, అదే చిక్కు.

ఎందుకు వేరంటే, రేడియల్. ఫ్రాన్స్‌లో మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకుని, 1949లో అమ్మకానికి తెచ్చిన టైరు ఇది. దారాలు ఏటవాలుగా కాకుండా ఈ అంచు నుంచి ఆ అంచుకి సూటిగా పోతాయి, పైన ట్రెడ్ కింద ఉక్కు తీగల బెల్టులు ఉంటాయి. ఎక్కువ కాలం మన్నుతుంది, డీజిలూ పెట్రోలూ ఆదా. అమెరికా టైర్ల రాజధాని, ఒహాయోలోని ఆక్రన్, దీన్ని ఏళ్ళ తరబడి లెక్కచేయలేదు. చేయాలంటే ఫ్యాక్టరీల్లో యంత్రాలన్నీ మార్చాలి. 1970 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ త్రీకి మిషెలిన్ రేడియళ్ళు ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మేసరికి గానీ మెలకువ రాలేదు. ఆక్రన్ గురించి ఒక్క మాట. వెస్ట్ వర్జీనియా కొండల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు అక్కడ ఎన్ని ఉండేవంటే, వెస్ట్ వర్జీనియా రాజధాని ఆక్రన్ అని జోకు. వలస కూలీలు కట్టిన ఊరు. రేడియల్ దెబ్బకి 1980ల మొదటికే అక్కడ కార్ల టైర్ల తయారీ దాదాపు ఆగిపోయింది.

ఆలస్యంగా మేలుకున్నవాళ్ళు తొందరపడ్డారు. ఫైర్‌స్టోన్ తెచ్చిన '500' రేడియల్‌లో ఉక్కు బెల్టుకీ రబ్బరుకీ అతుకు నిలవలేదు. ట్రెడ్ ఊడిపోయేది. గాలి తక్కువ పెట్టారు, లోడు ఎక్కువ వేశారు, గట్టుకి గుద్దారు అంటూ కంపెనీ తప్పంతా బండి నడిపేవాళ్ళమీదికే నెట్టింది. అమెరికా కాంగ్రెసు సబ్‌కమిటీ విచారణ, ప్రభుత్వ ఒత్తిడి తర్వాత 1978లో కోటికి పైగా టైర్లు వెనక్కి తీసుకునేందుకు ఒప్పుకుంది. 1988లో జపాన్ కంపెనీ బ్రిడ్జ్‌స్టోన్ ఫైర్‌స్టోన్‌ని కొనేసింది.

రెండో కథ మనలో చాలామందికి కళ్ళముందు జరిగింది. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని కేహెచ్‌ఓయూ టీవీ ఛానల్ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళ టైర్లు ఊడి, బళ్ళు పల్టీ కొడుతున్నాయని బయటపెట్టింది. ఆగస్టులో కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. రోడ్డు భద్రతా సంస్థకి అందిన ఫిర్యాదుల్లో లెక్కతేలిన మరణాలు 271. ఫోర్డ్ చెప్పిన 26 పౌండ్ల గాలి చాలా తక్కువని టైరు కంపెనీ, టైరే చెడ్డదని ఫోర్డ్ ఒకరినొకరు తిట్టుకున్నారు.

ఎక్కువ చెడ్డ టైర్లు ఇల్లినాయిలోని డికేటర్ ఫ్యాక్టరీవని తేలింది. అక్కడ ఏం జరిగిందో కార్మికులు చదివే పత్రికగా మేము చెప్పి తీరాలి. 1994లో యాజమాన్యం పన్నెండు గంటల మార్పిడి షిఫ్టులు, కొత్తవాళ్ళకి తక్కువ జీతాలు అడిగింది. జూలైలో సమ్మె. 1995 జనవరిలో సమ్మె చేసేవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని శాశ్వతంగా పెట్టుకుంటామని ప్రకటించింది. తర్వాత సమ్మె విరమించి తిరిగొచ్చినవాళ్ళూ, వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళూ ఒకే షెడ్డులో పక్కపక్కన పనిచేశారు. 2004లో ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్తలు అలన్ క్రూగర్, అలెగ్జాండర్ మాస్ ఆ ఫ్యాక్టరీ టైర్ల లెక్కలు నెలవారీ పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. యాజమాన్యం రాయితీలు అడిగిన నెలల్లోనూ, పాత కొత్త కార్మికులు కలిసి పనిచేసిన నెలల్లోనూ తయారైన టైర్లలోనే లోపాలు ఎక్కువట. కొత్తవాళ్ళ చేతకానితనం అని ముందే తీర్పు చెప్పేవాళ్ళు గమనించాలి, కొత్తవాళ్ళే ఎక్కువగా నడిపిన నెలలు అంత చెడ్డవి కావు. మనుషుల మధ్య పగ, అలసట టైరులోకి దిగాయి. ఆ ఫ్యాక్టరీని 2001 డిసెంబరులో మూసేశారు.

ట్రెడ్ ఊడే ముందు చాలాసార్లు టైరు కబురు పంపుతుంది. బెల్టు కదిలినచోట చిన్న ఉబ్బు వస్తుంది, అది నేలకి తగిలినప్పుడల్లా దబ్ దబ్ మంటుంది. బరువు తేడా వణుకుకీ దీనికీ రెండు తేడాలు. బరువు తేడా ఒక వేగంలోనే తెలుస్తుంది. ఉబ్బు 20, 30 మైళ్ళ వేగంలోనూ తెలుస్తుంది, బండి బాతులా ఊగుతుంది. బరువు తేడా నిన్నెంతో నేడూ అంతే, ముక్క రాలిపోతే తప్ప. ఉబ్బు రోజురోజుకీ పెరుగుతుంది. పెరుగుతున్న వణుకు ఉంటే ఆ టైరు మీద ఇంకో ట్రిప్పు వెళ్ళకండి, ఎవరు చెప్పినా సరే.

మరి బ్యాలెన్సింగు రెండుసార్లు చేయించినా పోని వణుకు సంగతి? యంత్రం మీద సున్నా చూపించిన చక్రం రోడ్డు మీద ఎందుకు వణుకుతుందన్నది చాలాకాలం షాపులవాళ్ళకీ కస్టమర్లకీ తగువు. జవాబు రెండు. ఒకటి, చక్రాన్ని యంత్రం మీద సరిగ్గా మధ్యకి బిగించకపోవడం. కోను పక్కకి కూర్చుంటే యంత్రం చూపే సున్నా అబద్ధం. అదే చక్రాన్ని వదులు చేసి, సగం తిప్పి, మళ్ళీ బిగించి చూడమనండి. అంకె మారితే బిగింపే తప్పు. రెండోది, టైరు అంతటా ఒకే గట్టిదనంతో ఉండకపోవడం. బరువు సమానంగానే ఉంటుంది, కానీ బండి బరువు మీద పడ్డప్పుడు గట్టిగా ఉన్న చోటు ప్రతి చుట్టుకీ ఒకసారి తంతుంది. దీన్ని పట్టుకోవడానికి టైరుకి ఒక రోలరు నొక్కిపెట్టి తిప్పే యంత్రాన్ని సెయింట్ లూయీలోని హంటర్ ఇంజినీరింగ్ 1990ల్లో షాపులకి తెచ్చింది. 'రోడ్ ఫోర్స్' అంటే అదే. అన్ని షాపుల్లో ఉండదు, ఫోనులో అడిగి వెళ్ళండి. కొత్త టైరు పక్కన ఎర్ర చుక్క ఉంటే సాధారణంగా అది ఆ గట్టి చోటుకి గుర్తు. రిమ్ములో పల్లపు చోటు ఎక్కడుందో దానికి ఎదురుగా కూర్చోబెడితే ఒకదాన్ని ఇంకోటి తినేస్తాయి. పసుపు చుక్క తేలిక చోటుకి గుర్తు, దాన్ని గాలి కొట్టే వాల్వు పక్కన పెడతారు.

షాపుకి వెళ్ళేలోపు మన చేతులతో తేలేవి కొన్ని ఉన్నాయి. వణుకు స్టీరింగులో ఉంటే ముందు చక్రాలు, సీటులో ఉంటే వెనకవి. బ్రేకు తొక్కితేనే వణికితే టైరు కాదు, డిస్కో డ్రమ్మో. గ్యాసు తొక్కితేనే వచ్చి వదిలితే పోతుంటే కింద ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు చూడాలి. ఇవేవీ తేల్చకపోతే పికప్‌లో ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి అదే రోడ్డు మీద నడపండి. వణుకు చేతుల్లోంచి సీటులోకి పోయిందా, దొంగ టైరే. చేతుల్లోనే ఉందా, ఇరుసూ స్టీరింగూ వెతకాలి. జాకీ ఎత్తి, చక్రం దగ్గర ఒక స్క్రూడ్రైవరు కదలకుండా ఆనించి మెల్లగా తిప్పితే వంకర కంటికే కనిపిస్తుంది. రిమ్ము అంచు పక్కన టైరు మీద సన్నటి గీత చుట్టూ ఉంటుంది. ఆ గీతకీ రిమ్ముకీ మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే టైరు రిమ్ములో సరిగ్గా కూర్చోలేదన్నమాట. చలికాలంలో మిచిగన్, మిన్నెసోటా వైపు వాళ్ళు ముందు రిమ్ము లోపలి మంచూ బురదా కడిగించండి. దానికి డబ్బులిచ్చి బ్యాలెన్సింగు చేయించుకున్నవాళ్ళున్నారు.

పెద్ద లారీల్లో ఇంకోటి చూడాలి. ఇప్పటి చక్రాలు ఎక్కువగా హబ్బు మీది మెట్ల మీద కూర్చుంటాయి, నట్లు బిగించి ఉంచుతాయంతే. ఎక్కించేటప్పుడు ఒక మెట్టు సరిగ్గా పన్నెండు గంటల చోట ఉండాలి. తుప్పు గీకకుండా ఎలాపడితే అలా ఎక్కిస్తే చక్రం కాస్త కిందకి జారి బిగుసుకుంటుంది, బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేసినా వణుకు పోదు. చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 మైళ్ళకి ఒకసారి నట్లు మళ్ళీ చూడాలి.

ఇక "లోడు ఉంది, ముందు వెళ్ళు, తర్వాత చూద్దాం" అనే డిస్పాచరు సంగతి. ట్రిప్పు అయ్యాక లోపం ఏదైనా కనిపిస్తే డ్రైవరు రిపోర్టులో రాయాలని ఫెడరల్ రూలు. రాశాక, భద్రతకి సంబంధించిన లోపమైతే, బాగుచేశామనో బాగుచేయక్కర్లేదనో కంపెనీ సంతకం పెట్టకుండా ఆ బండి మళ్ళీ కదలకూడదు. తర్వాత ఎక్కే డ్రైవరు ఆ కాగితం చూసి సంతకం చేయాలి. 1982 నాటి సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ అసిస్టెన్స్ చట్టం ప్రకారం, ప్రమాదకరమైన వాణిజ్య వాహనం నడపనన్నందుకో, లోపం గురించి ఫిర్యాదు చేసినందుకో పనిలోంచి తీసేయకూడదు, జీతం కోయకూడదు. అలా చేస్తే 180 రోజుల్లోపు ఓషాకి ఫిర్యాదు చేయవచ్చు. నోటిమాటగా చెప్పింది మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. కాగితం మీద పెట్టండి, నకలు ఫోనులో ఫోటో తీసుకోండి. భాష రాలేదని వెనకాడకండి, ఇంత చాలు: "స్టీరింగ్ వైబ్రేషన్, 55 టు 65, న్యూ స్టీర్ టైర్స్, గెటింగ్ వర్స్." తేదీ, మైలేజీ, సంతకం.